సుద్దగీతకు ఇవతల

టీవీ తెర మీద, కుడివైపు పైమూలలో, పసుపుపచ్చని మెరుపు గుర్తు ఒకటి వెలిగింది. ప్రమాదం వచ్చిందని నాకు తెలిసింది సరిగ్గా అప్పుడే.

అంతదాకా నేను, మేం అద్దెకున్న ఇంటావిడ ముందుగది గుమ్మంలో నిలబడి ఉన్నాను. చంకలో ఏడాది పిల్లాడు. బయట వాన పట్టింది. రైలుస్టేషన్ వైపు ఎక్కడో ఉరుముతోంది. గదిలో పాత టీవీ ముందు బల్ల మీద అరచేతిలో ఇమిడే పచ్చటి బోర్డు ఉంది. దానికి పెట్టె లేదు, మూత లేదు. నాలుగు పక్కల నుంచీ తీగలు. మా ఆరేళ్ల చిట్టి వేళ్లు ఆ తీగల మధ్యనే ఉన్నాయి. రోజూ బడి నుంచి రాగానే "కింద అమ్మమ్మ దగ్గర బొమ్మలు వేస్తన్నానమ్మా" అని చెప్పి దిగిపోయేది. పలక మీదో కాయితం మీదో అనుకున్నాను.

ఆ మెరుపు గుర్తును నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ట్రాన్స్‌ఫార్మర్ స్తంభానికి కట్టిన రేకు మీద, పుర్రె బొమ్మ పక్కన ఉండేది అదే. పిల్లాణ్ణి చంకన పెట్టుకునే గదికి అడ్డంగా పరిగెత్తి, తీగ పట్టుకుని గోడకున్న ప్లగ్గు పీకేశాను. తెర నల్లబడింది. చిట్టి నన్ను చూడలేదు. ఆ నల్ల తెరను చూసి ఏడుపు మొదలుపెట్టింది.

ఇంటావిడ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కదల్లేదు.

"ఏటయిందే, పై వాటా పిల్లా?" అంది.

"తెర మీద డేంజరు గుర్తొచ్చింది అత్తా. పిల్ల వైర్లు పట్టుకునుంది."

"అది డేంజరు కాదు. తనకి కరెంటు సాలట్లేదని సెప్తన్నాది. ఆ చార్జరు వైరు సన్నంగా ఉన్నాది, అందుకూ." కొంచెం ఆగి, గొంతు పెంచకుండా అంది, "ఆకలేస్తన్నాదని ఏడిసిన పిల్ల నోరు నొక్కేసావు."

మూడేళ్లయింది ఆ మాట అని. నిన్న సాయంత్రం ఆమదాలవలస నుంచి ఫోను వచ్చింది. వాళ్ల చర్చి అయ్యగారి భార్య చేశారు. ఇంటావిడ పోయిందనీ, సమాధి కార్యక్రమం కూడా అయిపోయిందనీ చెప్పారు. ఇంకొకటి కూడా చెప్పారు, అది చివర్లో రాస్తాను. పిల్లలకు ఇంకా చెప్పలేదు. వాళ్లు పడుకున్నాక ఇది రాస్తున్నాను, ఎందుకంటే రేపు పొద్దున్న వాళ్లకు ఏం చెప్పాలో నాకింకా తెలియలేదు.

ఆమె పేరు రాయను. వీధిలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలిచేవారు కారు. పిల్లలకు ఫోనమ్మమ్మ. పెద్దవాళ్లకు ఫోనమ్మగారు. నాకు అత్త. మేం ఆమదాలవలసలో వాళ్ల మేడ మీద అద్దెకు దిగింది పెద్దనోట్లు రద్దయిన ఏడాది వేసవిలో. మా ఆయన పొద్దున్నే పాసింజరెక్కి విజయనగరంలో ఉద్యోగానికి వెళ్లి రాత్రికి వచ్చేవారు. డిగ్రీ చదివి, ఇద్దరు పిల్లలతో ఇంట్లో ఉన్న నాకు పగలంతా మాట్లాడే పెద్ద మనిషి ఆమె ఒక్కతే.

టెలిఫోను ట్రంకు ఎక్స్చేంజిలో లైన్లు కలిపే ఆపరేటరుగా చేరి, ఆ పని మాయమైపోయాక కూడా అదే ఆఫీసులో ఏవేవో బల్లల ముందు కూర్చుని రిటైరైన మనిషి. నడుం ఎప్పుడూ నిటారుగా ఉండేది. ఎవరైనా మాట్లాడుతుంటే తల కాస్త ఎడమ పక్కకు వంచేది, ఆ చెవికి ఇంకా ఏదో తగిలించి ఉన్నట్టు. మనం చెప్పేది అయ్యేదాకా అడ్డు రాదు. అయ్యాక, తను ఆలోచించుకోవాల్సి వస్తే, "లైన్లో ఉండు" అనేది. అంటే అక్కడే ఉండమని, కంగారు పడొద్దని. కూరగాయల బండివాడితోనూ అదే మాట. ప్రార్థన మధ్యలో కూడా ఒకసారి కళ్లు మూసుకుని, పక్కన గింజుకుంటున్న మా చిన్నోడితో మెల్లిగా "లైన్లో ఉండరా" అంది.

ప్లగ్గు పట్టుకునే తీరు చూడాలి. బొటనవేలు, మరో రెండు వేళ్లు. తల పట్టుకుని తీసేది, తీగ పట్టి లాగడం ఆమె ముందు ఎవరూ చేయకూడదు. "జడ పట్టి లాగితే పిల్ల వస్తాదేటి, ఏడుపొస్తాది గానీ" అనేది.

ఆ చిన్న బోర్డు ఒక కంప్యూటరే. అది ఆమె ఇంటికి వచ్చింది చర్చి పని మీద. ఆదివారం గోడ మీద పాటల మాటలు కనబడేలా ఏదైనా పెట్టమని అడిగితే, తక్కువలో అయిపోతుందని ఎవరో చెప్పగా తెప్పించుకుందట. విజయనగరంలో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి దగ్గరకు తీసుకువెళ్తే అతను నవ్వాడు. ఇందులో పాటలు చూపించే ఒక్క ప్రోగ్రాం పెట్టి మిగతావన్నీ తీసేస్తానన్నాడు. మొత్తం డెస్క్‌టాప్ పెడితే ఇంత చిన్నది మోయలేదన్నాడు.

"ఒక్క గది తెరిసి మిగతా గదులకి తాళాలేస్తే దాన్ని ఇల్లంటారేటి బాబూ?" అని బోర్డు పర్సులో వేసుకుని వచ్చేసింది. తర్వాత తనే పెట్టుకుంది. ఫోనులో చూసి, నోటుబుక్కులో రాసుకుని, ఇంగ్లీషు తెలియని చోట అక్షరాలు లెక్కపెట్టుకుని, కంప్యూటరును నడిపే లినక్స్ పూర్తిగా పెట్టింది. కిటికీలు, మెనూలు, ఫైళ్ల అరలు, చెత్తబుట్ట, ఉత్తరాలు రాసుకునేది, బొమ్మలు వేసుకునేది, ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ, అన్నీ. నిదానంగా నడిచేది. ఒకటి తెరుచుకునే లోపల ఆమె చిక్కుడుకాయలు ఈనె తీసేది. "నిదానం తప్పేటి కాదు. మనూరి పాసింజరూ నిదానమే, ఇశాపట్నం సేరట్లేదేటి?"

అది మొదలయ్యేటప్పుడు చూడటం ఆమెకు ఇష్టం. ముందు పైన వరసగా నాలుగు ఎర్రపళ్ల బొమ్మలు వస్తాయి. తర్వాత నల్ల తెర మీద తెల్ల అక్షరాలు బారులు తీరి పైకి పోతుంటాయి. మామూలుగా వాటిని కనబడకుండా దాచేయవచ్చట. ఆమె దాచనివ్వలేదు. "అదిగో, ఇంట్లో ఒక్కొక్కరినీ లేపుతన్నాది. తెర లేసింది, మౌసు లేసింది, చప్పుడు ఇంకా లెగలేదు. సూడు, ఇప్పుడు లేసింది" అని పిల్లలకు వినిపించేది. ఆ బారుల్లో ఏముందో ఆమెకు సగమే తెలుసు. మిగతా సగం తెలియదని పిల్లలకు చెప్పడానికి ఆమెకు నామోషీ లేదు.

చర్చిలో ఒకటి పెట్టాక, మరో మూడు బోర్డులు తెప్పించి ముందుగదిలో పెట్టింది. జనం పారేస్తామన్న పాత టీవీలు అడిగి తెచ్చుకుంది. సాయంత్రం నాలుగున్నర నుంచి దీపాలు పెట్టేదాకా వీధి పిల్లలు ఎవరైనా రావచ్చు. ఫీజు లేదు. పాఠం కూడా లేదు. చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని రావాలి. పని అయ్యాక ముందు మెనూలోంచి పడుకోబెట్టి, ఆ తర్వాతే స్విచ్చి ఆపాలి. "పడుకోబెట్టకుండా దీపం ఆర్పితే ఎవరికైనా పీడకలే" అనేది. ఇంకేం చెప్పేది కాదు. కుర్చీలో కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకునేది.

కేబులు అతను నెలకోసారి వచ్చి ఆట పట్టించేవాడు. "అమ్మగారూ, అగ్గిపెట్టెలో కంప్యూటరుందని పిల్లల్ని మోసం సేస్తన్నారు."

"నీ ఇంట్లో ఉన్న పెద్ద కంప్యూటరు డబ్బాలో ఏటున్నాదిరా? సగం గాలే. మూత తీసి సూపించనా?"

అంత మంచి మనిషికీ కొన్ని పిచ్చులున్నాయి. బోర్డుల ధ్యాసలో పడి వారానికోసారైనా అన్నం మాడ్చేది. పిల్లల తల్లులు సంతోషంతో ఏదైనా చేసి పంపితే, గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని పట్టుబట్టి, మాడిన అన్నం తాలూకు పులిహోరే పంపేది. పిల్లలను మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. ఎంత బాగా చేసినా "లైను కలిసింది" అంటుంది, అంతే. ఆ రెండు మాటల కోసం పిల్లలు వారం రోజులు తంటాలు పడేవారు. భయస్తులంటే ఆమెకు ఓపిక తక్కువ. ఆ సంగతి నాకే బాగా తెలుసు.

ప్లగ్గు పీకిన రోజున ఆ బోర్డు మళ్లీ లేవలేదు. నాలుగు పళ్లు వచ్చాయి, నాలుగు బారులు పోయాయి, ఆగిపోయింది. అందులో గోరంత కార్డు ఒకటి ఉంటుంది, సమస్తం దాని మీదే రాసి ఉంటుంది. రాస్తుండగా కరెంటు పోతే కార్డు చెడిపోతుంది. చిట్టి ఆ కార్డులో మూడు నెలలుగా ఒక రైలు వేస్తోంది. వారానికి ఒకటో రెండో పెట్టెలు. పంతొమ్మిది పెట్టెలైనాయట. ప్రతి కిటికీలోనూ ఒక మనిషి. నాకు ఆ సంగతే తెలియదు.

ఇంటావిడ చిట్టిని ఓదార్చలేదు. నా వైపు తిరిగి అంది, "నీ పిల్లకి దేవుడు సేతులిచ్చింది దండం ఎట్టుకోడానికేనేటి?"

నాకు ఏడుపు వచ్చింది. అప్పుడు చెప్పాను. నేను ఎవరికీ అంతగా చెప్పనిది. మాది గజపతినగరం అవతల వ్యవసాయం. మా పెదనాన్న కొడుకు నాకన్నా ఏడాది పెద్ద. ఒకరోజు ఇద్దరం పొలానికి వెళ్లాం. వాడు మడిలో దిగి తడిసి, చొక్కా విప్పి నా చేతికిచ్చి, మోటారు ఆపి వస్తానని గదిలోకి వెళ్లాడు. తడి చేత్తో స్టార్టరు ముట్టుకున్నాడు. నేను చొక్కా పట్టుకుని చాలాసేపు గట్టు మీదే నిలబడ్డాను. ఆ రోజు నుంచి తీగంటే నాకు భయం. పిల్లలు పుట్టాక ఎక్కువైంది. ఇంట్లో ప్రతి స్విచ్చికీ చిట్టి "అమ్మా, నొక్కనా?" అని అడిగేది. నేను వద్దనేదాన్ని. బడిలో టీచరు పిలిచి, భూతద్దం చేతికిచ్చినా మీ అమ్మాయి ముట్టుకోదండీ, పక్కపిల్ల పట్టుకుంటే చూస్తుంది అని చెప్పింది. అది విని కూడా నేను మారలేకపోయాను.

ఇంటావిడ తల ఎడమకు వంచి మొత్తం విన్నది. "లైన్లో ఉండు" అని లోపలికి వెళ్లింది. సుద్దముక్కతో వచ్చింది.

ప్లగ్గు బోర్డు ఉన్న చోటు నుంచి బల్ల దాకా గోడ మీద వేలితో ఏదో కొలుచుకుంది. చార్జరు గోడకు తగిలించే చోటికి కిందుగా, అడ్డంగా ఒక తెల్లగీత గీసింది.

"ఇలా సూడు. ఈ గీతకి పైన ఉన్నది పెద్ద కరెంటు. మీ అన్నని తీసుకుపోయింది అదే. దానికి నువ్వు భయపడాల, పిల్ల భయపడాల, నేనూ భయపడతాను. ముప్పయ్యేళ్లు వైర్లతో బతికాను, ఈ రోజుకీ తడిసేత్తో ముట్టను. ఈ గీతకి ఇవతల ఉన్నది ఐదు వోల్టులు. ఆ చార్జరు మంచిదయితే సాలు, ఇక్కడ పిల్లకి ఏటీ అవదు. బోర్డు పోవచ్చు, కార్డు పోవచ్చు, పిల్ల పోదు." సుద్ద చేతులు దులుపుకుంది. "నీకున్న భయం తప్పని ఎవుడన్నాడు? దానికి హద్దు గీసుకోలేదు, అంతే."

ఆ తర్వాత ఆమె నా భయాన్ని ఎప్పుడూ వెక్కిరించలేదు.

రెండు రోజులకు నన్నూ చిట్టినీ కిందకు రమ్మంది. చిన్నోణ్ణి చాప మీద పడుకోబెట్టాను. ఆమె తన బైబిలు తీసుకొచ్చింది. దానికి జిప్పున్న తొడుగు ఉంటుంది. ఆ తొడుగు లోపలి అరలోంచి బామ్ డబ్బా ఒకటి తీసింది. అందులో దూదిలో చుట్టి ఒక కార్డు.

"ఇది తల్లి కార్డు. ఇందులో అంతా ఉన్నాది. మిగతావన్నీ దీని పిల్లలే. ఏది సెడిపోయినా దీన్ని సూసి మళ్లీ రాసుకుంటాం." చిట్టి వైపు తిరిగింది. "కార్డు సెడగొట్టింది ఎవరు?"

"అమ్మ," అంది చిట్టి.

"అయితే అమ్మే రాయాల. నువ్వు నేర్పు. సేత్తో కాదు, నోటితో."

నేను బల్ల ముందు కూర్చున్నాను. చిట్టి నా పక్క కుర్చీ ఎక్కి, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుంది. ఎవరూ చెప్పలేదు. ఆమెను చూసి నేర్చుకుంది. అటు పక్కన ఆమె, ఇటు పక్కన నా కూతురు, ఇద్దరూ చేతుల మీద కూర్చున్నారు. మధ్యలో నా చేతులు మాత్రమే బయట ఉన్నాయి.

తల్లి కార్డు బోర్డులో పెట్టాను. చెడిన కార్డును పెన్‌డ్రైవు లాంటి చిన్న పుల్లలో దూర్చి పక్కన తగిలించాను. నాలుగు పళ్లు వచ్చాయి. నల్ల కిటికీ తెరిచి, నోటుబుక్కులో ఉన్న వరస టైపు చేయాలి. దేన్ని చూసి రాయాలి, దేని మీద రాయాలి. రెండు పేర్లు. అవి తారుమారైతే, చెడిపోయినది వచ్చి తల్లి కార్డు మీద కూర్చుంటుంది. అది ఆమె ముందే చెప్పింది.

టైపు చేశాను. చిట్టి ఊపిరి పీల్చి నోరు తెరిచింది.

"లైన్లో ఉండు," అంది ఇంటావిడ, నాతో కాదు, దానితో.

చిట్టి నోరు మూసుకుంది. ఎక్కడో తప్పుందని నాకు అర్థమైంది. ఎక్కడో తెలియదు. నోటుబుక్కు చూశాను, తెర చూశాను. ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదివాను. రెండు పేర్లూ తారుమారుగా కొట్టానని అప్పుడు కనబడింది. చెరిపి, మళ్లీ కొట్టి, మళ్లీ చదివి, ఎవరి మొహమూ చూడకుండా ఎంటర్ నొక్కాను.

ఏమీ కాలేదు. ఆ ఆదేశం ఏమీ చూపించదు. ఎంత అయిందో చెప్పదు, ఎంత మిగిలిందో చెప్పదు. పుల్ల చివర చిన్న దీపం మాత్రం మిణుకుతూ ఉంటుంది. నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ప్లగ్గు పీకెయ్యాలనిపిస్తూనే ఉంది.

ఆ నలభై నిమిషాల్లోనే ఆమె తన చేతుల కథ చెప్పింది. కొత్తగా ఎక్స్చేంజిలో చేరినప్పుడు, నేర్పడానికి ఒక పెద్దావిడను పెట్టారట. మంచిదే, కానీ ఈమె ఒక్క క్షణం తడబడితే చాలు, చేతిలోంచి తీగ లాక్కుని తనే గుచ్చేసేది. "మూడు నెలలైనా నాకేటీ రాలేదు. దీనికి బుర్ర లేదని రాసీబోయారు. అప్పుడు ఆవిడ బాత్రూములో జారిపడి సెయ్యి ఇరగ్గొట్టుకున్నాది. కట్టు కట్టుకుని వచ్చి పక్కన కూకున్నాది. లాక్కోడానికి సెయ్యి లేదు. తిట్టీది, ఏడిసీది, పళ్లు నూరీది. పది రోజుల్లో నాకు పనంతా వచ్చీసింది." నవ్వింది. "అందరికీ సెయ్యి ఇరగదు కదా. అందుకని నేనే సేతుల మీద కూకుంటన్నాను. ఊరికే కూకుంటన్నానని అనుకోకు. నాకూ లాక్కోవాలనే ఉంటాది. దురదెడతాది."

దీపం ఆగింది. కార్డు మార్చి స్విచ్చి వేశాను. పళ్లు, బారులు, ఒక్కొక్కరినీ లేపడం, చివరికి తెర మీద నీలిరంగు కొండల బొమ్మ. చిట్టి ఫైళ్లు తెరిపించింది. ఆ తల్లి కార్డు తయారు చేసింది రైలు మొదలుపెట్టిన కొత్తలోనట. ఇంజనూ నాలుగు పెట్టెలూ ఉన్నాయి. మిగతా పదిహేనూ లేవు.

నేను చిట్టి వైపు చూశాను. ఏడుస్తుందనుకున్నాను. అది తెరనే చూస్తోంది.

"లైను కలిసింది," అంది చిట్టి. "పెట్టెలు మళ్లీ ఏసుకుంటాను. ఈసారి ఏసీ పెట్టె కూడా ఏస్తాను."

ఇంటావిడ అప్పుడు తన చేతులు బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. వేళ్ల మీద కుర్చీ నవారు అచ్చులు పడి ఉన్నాయి.

ఆ తర్వాత రెండేళ్లు అక్కడే ఉన్నాం. చిట్టి రైలు ముప్పయ్యో పెట్టె దాటింది. ఇంట్లో ఫ్యాను స్విచ్చి నన్ను అడక్కుండా వేసేది. మా ఆయన రాత్రి వచ్చి, "మీ అత్తగారి ఎక్స్చేంజి ఇంకా మూయలేదా?" అని కింద నుంచే కేకేసేవారు. "మూసీదాకా నీకు అన్నం లేదు నాయనా, నీ పెళ్లాం ఇక్కడే ఉన్నాది" అని లోపలి నుంచి జవాబు వచ్చేది. నిజమే, ఆ రోజుల్లో చిన్న చిన్న టైపు పనులు నేనూ అక్కడే చేసుకునేదాన్ని.

ఆయనకు కొత్తవలస బదిలీ అయి సామాను సర్దుతున్న రోజు ఆమె మేడ మీదకు వచ్చింది. మెట్లు ఎక్కడం ఆమెకు కష్టం, అంతకుముందు ఎప్పుడూ రాలేదు. చెప్పుల డబ్బాలో ఒక బోర్డు, లావుపాటి పొట్టి తీగతో మంచి చార్జరు, కార్డు, కీబోర్డు, మౌసు పెట్టి చిట్టికిచ్చింది. ఆశీర్వాదం, ముద్దు, అవేం లేవు. నాకేసి చూసి, "సుద్దముక్క కూడా ఏసాను" అంది.

ఆ డబ్బాను నేను కొత్తవలసలో ఒక్కసారి కూడా తెరవలేదు.

రాయడానికి సిగ్గుగా ఉంది. వచ్చిన కొత్తలో, ఈ ఇంట్లో ప్లగ్గులు నేలకు దగ్గరగా ఉన్నాయి, తర్వాత చూద్దాం అనుకున్నాను. తర్వాత చిన్నోడు నడిచే వయసు దాటి ఎక్కే వయసుకు వచ్చాడు. చేతికందిన ప్రతి కన్నంలో ఏదో ఒకటి దూరుస్తాడు. ఒకరోజు వాడు స్పూను పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉండటం చూశాను. ఆ సాయంత్రమే డబ్బాను బీరువా మీదకు ఎక్కించి పైన పాత దుప్పటి కప్పాను. స్పూనుకూ బోర్డుకూ సంబంధం లేదని నాకు తెలుసు. గీతకు అవతల ఏదో, ఇవతల ఏదో కూడా తెలుసు. చిట్టి రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. ఈ మధ్య మిక్సీ స్విచ్చి దగ్గర నిలబడి, "అమ్మా, నొక్కనా?" అంది. దానికిప్పుడు తొమ్మిదేళ్లు. ఆ మాట విన్నాక కూడా నేను డబ్బా దించలేదు. అత్తకు ఫోను చేసినప్పుడల్లా "పిల్ల రైలు ఎంతదాకా వచ్చినాది?" అని అడిగేది. వేస్తోంది అత్తా అని చెప్పేదాన్ని. అబద్ధం. ఆమె తల ఎడమకు వంచి వింటున్నట్టు నాకు కనబడేది. తర్వాత "సరే, లైన్లో ఉన్నాను" అని ఫోను పెట్టేసేది.

నిన్న అయ్యగారి భార్య ఫోనులో చెప్పిన ఇంకో సంగతి ఇది. సమాధి దగ్గర చదవడానికి ఆమె బైబిలు తీశారట. తొడుగు అరలో బామ్ డబ్బా దొరికింది. మందనుకుని తెరిచారు. దూదిలో గోరంత ముక్క, చుట్టూ కాయితం. కాయితం మీద "పై వాటా పిల్లకి" అని ఉంది.

"ఎవరో తెలీక నలుగురినీ అడిగామమ్మా. పై వాటాలో నీ తర్వాత కూడా ఇద్దరు దిగారు కదా. పై వాటా పిల్లంటే నువ్వేనా?"

నేనే అన్నాను.

"ఇంత చిన్నదేటమ్మా ఇది, ఏటి సేసుకుంటావు?"

"అందులో అన్నీ ఉంటాయండీ," అన్నాను. ఈ వారంలో రైల్లో వచ్చేవాళ్ల చేత పంపుతామన్నారు.

తెలివైన మనిషి. డబ్బా తెరవలేదని ఆమెకు తెలుసు. చిట్టికి అని రాయలేదు, నన్ను పిలిచే పిలుపే రాసింది. కార్డు చెడగొట్టినవాళ్లే మళ్లీ రాయాలి.

తెల్లారింది. పొద్దున్న జరిగింది కూడా రాసి ముగిస్తాను.

పిల్లలు లేవకముందే స్టూలు వేసుకుని డబ్బా దించాను. అడుగున సుద్దముక్క ఉంది. హాల్లో చిన్నోడి చేయి అందని ఎత్తులో ఉన్న ప్లగ్గు చూసుకుని, దాని కింద గోడ మీద అడ్డంగా గీత గీశాను. చార్జరు నేనే తగిలించాను. తర్వాత కింద సాకెట్లకు టేపు వేశాను. బోర్డూ తీగలూ కార్డూ విడివిడిగా మా టీవీ ముందు బల్ల మీద పెట్టాను, ఒక్కటి కూడా కలపలేదు. చిట్టి లేచి వచ్చి బల్ల చూసింది, గోడ చూసింది, నన్ను చూసింది. వెనకాలే చిన్నోడు.

ఫోనమ్మమ్మ చనిపోయిందని చెప్పాను. చిట్టి బల్ల మీద విడిగా ఉన్న కార్డు వైపు చూసింది. తర్వాత, "మరి తల్లి కార్డు?" అంది. మన దగ్గరికే వస్తోందని చెప్పాను. అప్పుడది బోర్డు దగ్గరికి వెళ్లి, చేయి చాచి, ఆపి, నా వైపు తిరిగింది. ఏం అడగబోతోందో నాకు తెలుసు. అది అడిగేలోపు కుర్చీ లాక్కుని కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను.

"గీతకి పైన నాది," అన్నాను వాళ్లతో. "ఇవతలిదంతా మీ ఇద్దరిదీ. తమ్ముడికి నువ్వు నోటితో చెప్పు, వాడు పెడతాడు. పాడైతే మళ్లీ రాసుకుందాం. నేను ముట్టుకోను. లైన్లో ఉంటాను."